చిన్నీ, ఆ పన్ను జోలికి వెళ్ళే ముందు

చిన్నీ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో నీ సంగతంతా చెప్పింది. పొద్దున లేచేసరికి దవడలు పట్టేస్తున్నాయని, చెవి ముందు ఒకటే నొప్పని, చపాతీ నమలాలన్నా భయపడుతున్నావని, ఎడమవైపు కింది పన్నుకి రూట్ కెనాల్ చేయాలని సోమవారానికి తేదీ ఇచ్చారని. ఆ చివరి మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. సరిగ్గా ఆ దారినే వెళ్ళి నేను ఒక మంచి పన్ను పోగొట్టుకున్నాను. ఫోన్‌లో హడావిడిగా చెబితే నీ ఆఫీసు కాల్స్ మధ్య సగమే వింటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నాది 2011 నాటి మాట. మీ పెదనాన్నకి ఆపరేషన్ అయిన ఏడాది. పొద్దున ఆసుపత్రి, పగలు బడి, సాయంత్రం మంచం మీదున్న మా అత్తగారు. ఆ రోజుల్లోనే ఎడమవైపు దవడ పన్ను సలపడం మొదలైంది. ఊళ్ళో ఒక డాక్టర్ రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. నొప్పి పోలేదు. అయితే పక్క పన్నేమో అన్నారు, దానికీ చేశారు. అయినా పోలేదు. చివరికి మొదటి పన్ను పీకేశారు. గాయం మానిన వారానికి మళ్ళీ అదే నొప్పి, అదే చోట. అక్కడ పన్నే లేదు, నొప్పి మాత్రం ఉంది.

అప్పుడు హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్ళాం. పెద్ద క్యూ. రెండు గంటలు కూర్చున్నాక ఒక డాక్టరమ్మ పిలిచింది, మహా అయితే ముప్పై ఏళ్ళుంటాయి. నా నోట్లోకి అద్దం పెట్టలేదు. నా ఎదురుగా నిలబడి రెండు చిటికెన వేళ్ళూ నా రెండు చెవుల్లో పెట్టి, "మెల్లగా నోరు తెరవండమ్మా, ఇప్పుడు మూయండి" అంది. నాలుగైదు సార్లు అలా చేయించింది. తర్వాత నా చేతి మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. రెండే పట్టాయి. ఆ తర్వాత నన్ను పళ్ళు గట్టిగా బిగించమని, బుగ్గ మీద రాయిలా పొంగిన కండరాన్ని పట్టుకుని, వదులు చేయమని, అక్కడ బొటనవేలితో నొక్కింది. చిన్నీ, ఆ నొప్పి బుగ్గలో రాలేదు. పీకేసిన పన్ను ఉండే చోటికి సూటిగా పాకింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు, ఆ పన్ను తప్పేమీ లేదని అప్పుడు తెలిసినందుకు.

దవడ కండరం అలిసిపోతే ఆ నొప్పి కింది దవడ పళ్ళలోనో, కణతల్లోనో, చెవిలోనో తెలుస్తుందట. చెవిపోటని చెవి డాక్టర్ చుట్టూ తిరిగేవాళ్ళూ ఉన్నారు. దీన్ని 1934లోనే కాస్టెన్ అనే అమెరికా చెవి డాక్టర్ రాశారని ఆవిడ చెప్పింది. చెవి బాధలని తన దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరికి అసలు తిప్పలు దవడ కీలు దగ్గర ఉందని ఆయన గుర్తించారట. ఆయన చెప్పిన కారణాలన్నీ తర్వాత నిలబడలేదు కానీ, చెవికీ దవడకీ ఉన్న ఆ పొరుగు సంబంధం మాత్రం నిజమే.

"రాత్రిళ్ళు పళ్ళు నూరుతారా?" అని అడిగింది. లేదన్నాను. పక్కనున్న మీ పెదనాన్న "పెళ్ళయిన కొత్తలోంచీ నూరుతుందండీ, కడుపులో నులిపురుగులేమో అని రెండుసార్లు మందు కూడా వేయించాం" అన్నారు. మన ఇళ్ళల్లో ఎవరు పళ్ళు కొరికినా మొదట వచ్చే మాట అదే కదా. ఆ మందుతో పళ్ళు నూరడం ఆగదని ఆవిడ చెప్పింది. నిద్రలో నూరేవాళ్ళకి తాము నూరుతున్నట్టు తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళే చెప్పాలి. నువ్వు ఒక్కదానివే గదిలో ఉంటున్నావు కాబట్టి అద్దంలో చూసుకో. నాలుక అంచున పళ్ళ నొక్కులు పడ్డాయా, బుగ్గ లోపల పళ్ళు కలిసే చోట తెల్లగా గీత ఉందా, కోరపళ్ళ మొనలు అరిగి చదునయ్యాయా, చిగురు దగ్గర పన్ను గీసినట్టు గాడి పడి చల్లనీళ్ళకి జివ్వుమంటుందా. పొద్దున లేవగానే కణతలు నొప్పిగా ఉండి, పది గంటలకల్లా తగ్గుతుంటే అది కూడా ఒక గుర్తు.

ఇక సోమవారం సంగతి. రూట్ కెనాల్ వద్దనడం లేదు. పన్ను నిజంగా పుచ్చి ఉంటే ఆలస్యం చేయకూడదు. కానీ చేసే ముందు ఆ డాక్టర్‌ని మర్యాదగానే అడుగు: "ఎక్స్‌రేలో ఈ పన్ను వేరు దగ్గర ఏమైనా కనిపిస్తోందా? చల్లటిది తగిలించి చూస్తే నొప్పి వచ్చి ఆగకుండా ఉంటోందా? తట్టి చూస్తే ఈ పన్నేనా, పక్కవాటికీ ఉందా? దవడ కండరాలు నొక్కి చూశారా?" వీటికి సరైన జవాబు చెబితే చేయించుకో. ఏమీ కనబడకపోయినా చేద్దామంటే మాత్రం రెండో డాక్టర్‌ని చూడు. బీడీఎస్ తర్వాత ఓరల్ మెడిసిన్‌లో (నోటి జబ్బుల విభాగం) గానీ ప్రాస్థోడాంటిక్స్‌లో (కట్టుడు పళ్ళు, క్యాప్‌ల విభాగం) గానీ ఎండీఎస్ చేసినవాళ్ళని వెతుక్కో. నేను వెళ్ళిన అఫ్జల్‌గంజ్ కాలేజీలో ఆ విభాగాలున్నాయి, ఒక పూట సెలవు పెడితే సరిపోతుంది.

నేను నేర్చుకున్నది ఒక్కటే. మొదట, వద్దనుకుంటే మానేయగల వైద్యం చేయించుకో. పన్ను అరగదీయడం, నోరంతా క్యాప్‌లు వేయడం, దవడ నొప్పి కోసమని క్లిప్పులు పెట్టి పళ్ళు కలిసే తీరు మార్చడం, ఇవన్నీ వెనక్కి తీసుకోలేనివి. అమెరికాలో 1980ల్లో ఈ దవడ కీలులో టెఫ్లాన్ కలిసిన కృత్రిమ బిళ్ళలు పెట్టారు. అవి లోపల అరిగి, ముక్కలై, ఎముకనే తినేశాయి. తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థే వాటిని వెనక్కి తీయించింది. అన్ని ఆపరేషన్లూ అలాంటివని కాదు, కొద్దిమందికి నిజంగా అవసరమే. కానీ నీలాంటి నొప్పికి ఆ మాట ఎత్తాల్సిన పనే ఉండదు.

నీ కీలు టక్కుమంటోందట కదా, దాని గురించి దిగులు పడకు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూస్తే ఎముక జరగడం తెలుస్తుంది. రెండు ఎముకల మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. అది కాస్త ముందుకు జారి మళ్ళీ చోటుకు వచ్చేటప్పుడే ఆ శబ్దం. నొప్పి లేకుండా శబ్దం ఒక్కటే ఉంటే వైద్యమే అక్కర్లేదు. నాది ఇప్పటికీ టక్కుమంటుంది. నోరు సగంలో పట్టేసి తెరుచుకోకపోతే మాత్రం ఆ రోజే వెళ్ళాలి.

రాత్రి నూరడం నీ చేతిలో లేదు. పగలు బిగబట్టడం మాత్రం నీ చేతిలోదే. ఇది చదువుతున్నప్పుడు నీ పై పళ్ళూ కింది పళ్ళూ తాకి ఉన్నాయా? చూసుకో. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప అవి తాకనే కూడదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. "న" అని పలికి, నాలుక ఎక్కడ ఆనిందో అక్కడే ఉంచు. దవడ దానంతట అదే వదులవుతుంది. నాకు ఇది గుర్తుండేది కాదు. అందుకని బొట్టుబిళ్ళల అట్ట ఒకటి తీసుకుని ఇల్లంతా అంటించాను. ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ లైటర్ మీద, బడిలో హాజరు పుస్తకం అట్ట మీద. ఎర్ర బొట్టు కనబడినప్పుడల్లా పళ్ళు విడదీయడం, భుజాలు దించడం. మొదటి రోజు ఎన్నిసార్లు చూసుకుంటే అన్నిసార్లూ బిగించే ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మరీ. మూడు వారాలకి సగానికి తగ్గింది. నువ్వు కంప్యూటర్ మూల ఒకటి, ఫోన్ వెనక ఒకటి అంటించు. ఎవరైనా అడిగితే మా పెద్దమ్మ చెప్పిందను.

పంటి బిగువున ఓర్చుకోవడం అంటాం చూడు, మన ఆడవాళ్ళకి అది మెచ్చుకోలుగా నేర్పారు. ఆ ఏడాదంతా నేను అక్షరాలా అదే చేశాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, అంతా దవడ మోసింది. నీకు ఆ టీమ్ లీడ్‌తో ఉన్న టెన్షన్ మీ అమ్మకైనా చెప్పుకో, నాకైనా చెప్పుకో. నిద్ర పట్టనంతగా ఉంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళు, అదీ ఈ వైద్యంలో భాగమే. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని మీద వచ్చిన మార్గదర్శకాల్లో, పాతబడిన దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవాటిలో ఆలోచనల తీరు మార్చే చికిత్స, ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు ఉన్నాయని మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ఆధారం లేనిదే ఏదీ నమ్మవు కాబట్టి రాస్తున్నాను. అందులోనే నైట్ గార్డ్‌ని, అంటే రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకునే తొడుగుని, ఈ నొప్పికి వైద్యంగా పెద్దగా సిఫారసు చేయలేదట.

గార్డ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, చాలామంది ఇక్కడే డబ్బులు వృథా చేసుకుంటారు. అది నూరడాన్ని ఆపదు. పళ్ళు అరగకుండా మధ్యలో అడ్డుపడుతుంది, కొందరికి నొప్పీ తగ్గిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికేది కొనకు. మెత్తటిదైతే కొందరు నిద్రలో దాన్నే నములుతారు. పైగా సరిగ్గా కుదరకపోతే పళ్ళు జరుగుతాయి. పళ్ళన్నిటినీ కప్పే గట్టి యాక్రిలిక్‌ది, నీ పళ్ళ అచ్చు తీసుకుని ల్యాబ్‌లో చేయించాలి. అచ్చు తీసేటప్పుడు చల్లటి ముద్ద నోట్లో పెడతారు, వాంతి వచ్చేట్టు ఉంటే ముక్కుతో గాలి పీల్చు, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. గార్డ్ వచ్చిన రోజు అసలు పని మొదలవుతుంది. నోట్లో పెట్టి మధ్యలో నీలం కాగితం ఉంచి కొరకమంటారు. మరకలు ఎక్కడ ముదురుగా పడితే అక్కడ గార్డ్‌ని కాస్త అరగదీసి, మళ్ళీ కొరకమంటారు. నాకు తొమ్మిదిసార్లు చేశారు. వెనక పళ్ళన్నీ ఒకేలా తాకేదాకా కుర్చీలోంచి లేవకు. రెండు వారాలకి మళ్ళీ వెళ్ళి చూపించు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి.

రాత్రి మాత్రమే పెట్టుకోవాలి. పొద్దున తీసి చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగి డబ్బాలో పెట్టు. వేడినీళ్ళు పోశావో వంకర పోతుంది. మొదటి వారం నోరూరుతుంది, నిద్రలో తీసి పారేస్తావు, విసుగొస్తుంది. మానకు. పెట్టుకుంటుంటే పళ్ళు కలిసే తీరు మారినట్టు అనిపించినా, నొప్పి పెరిగినా మాత్రం ఆపేసి వెంటనే చూపించుకో. నా మొదటి గార్డ్ ఇంకా దాచాను. వెనకవైపు గోరు దిగేంత గుంట పడి ఉంటుంది. అది లేకపోతే ఆ గుంట నా పన్నుకే కదా.

బాగా నొప్పిగా ఉన్న రోజుల్లో వేడినీళ్ళలో ముంచి పిండిన తుండుగుడ్డ రెండు బుగ్గలకీ పావుగంట వేయి. రెండు వారాలు మెత్తటి తిండి తిను, పప్పన్నం, ఉప్మా, పెరుగన్నం. చేగోడీలు, జంతికలు, మొక్కజొన్న పొత్తులు, చూయింగ్ గమ్ ఆపు. ఒకవైపే నమలకు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించు. సాయంత్రం ఆరు తర్వాత కాఫీ వద్దు. నొప్పి బిళ్ళలు డాక్టర్ చెప్పినన్ని రోజులే, నీకు అసలే ఎసిడిటీ. దవడకి బొటాక్స్ ఇంజెక్షన్ అని ఎవరైనా చెబితే అప్పుడే తొందరపడకు, అది మూడు నాలుగు నెలలు కండరాన్ని బలహీనం చేసి ఊరుకుంటుంది. ముందు ఇవన్నీ అయ్యాక చూద్దాం.

డాక్టర్‌కి రెండు విషయాలు దాచకుండా చెప్పు. నిద్రలో గురక ఉందా, పొద్దున లేచినా అలసట పోవడం లేదా అన్నది ఒకటి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే పళ్ళు నూరడం దానితో కలిసి రావచ్చు, నిద్ర పరీక్ష చేస్తారు. రెండోది నువ్వు వేసుకునే మందులు. ఆందోళనకీ డిప్రెషన్‌కీ ఇచ్చే కొన్ని మందులతో కూడా పళ్ళు బిగుసుకుంటాయి. అలాగని నీ అంతట నువ్వు మానేయకు, రాసిన డాక్టర్‌తో మాట్లాడితే మోతాదో మందో మారుస్తారు.

ఇది నీకు కాదు, మీ అమ్మ కోసం. యాభై దాటినవాళ్ళకి నమిలేటప్పుడు దవడ నొప్పి, కొత్తగా కణత నొప్పి వచ్చి చూపు మసకబారితే డెంటిస్ట్ దగ్గరికి కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఛాతీ బరువు, చెమటతో కలిసి దవడ లాగినా అంతే, అది గుండె కావచ్చు.

సోమవారం వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు పట్టుకెళ్ళు. నొప్పి ఎప్పుడు వస్తోంది, ఎంతసేపుంటోంది అని ఈ నాలుగు రోజులూ ఒక కాగితం మీద రాసుకో. నేను కావాలంటే ఆదివారం రాత్రి బస్సు ఎక్కుతాను, తోడుగా ఉంటాను. ఏమన్నారో ఆ రాత్రికే ఫోన్ చేయి, ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ