సైంటిస్టుకు ఆదివారం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉంది. పీహెచ్‌డీ చేసి సైంటిస్టు కావాలని పట్టుదలగా ఉంది. ఆ రంగంలో రాత్రీ పగలూ ల్యాబ్‌లోనే గడపాలని, పెళ్లీ పిల్లలూ కుదరవని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. పంపమంటారా, వద్దంటారా?
- ఒక తల్లి

జవాబు: మీకు చెప్పినవాళ్ల మాటలో కొంత నిజముంది. నేచర్ పత్రిక 2019లో ప్రపంచవ్యాప్తంగా ఆరువేల మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను అడిగితే, నలుగురిలో ముగ్గురు వారానికి 40 గంటలకు మించి పనిచేస్తున్నామన్నారు. పీహెచ్‌డీ తెచ్చిన ఆందోళనకో డిప్రెషన్‌కో సాయం కోరామని 36 శాతం మంది చెప్పారు. పని గంటల లెక్క కంటే ఈ రెండో అంకే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. దాన్ని మీ అమ్మాయి దగ్గర దాచకండి.

అయితే ఎక్కువ గంటలన్నీ ఒక కోవకు చెందవు. కొన్ని ప్రయోగం అడిగే గంటలు. ఇ.కోలై బ్యాక్టీరియా మంచి మీడియంలో, అంటే దాన్ని పెంచే పోషక ద్రవంలో, దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. దాని ఎదుగుదలను కొలవాలంటే ఆ పూటంతా ల్యాబ్ వదిలి కదలడానికి ఉండదు. మనిషి కణాలు పెంచేవాళ్లు ఆదివారమైనా వెళ్లి మీడియం మార్చాల్సి రావచ్చు. పండు ఈగలతో జన్యుశాస్త్రం చేసేవాళ్లు ప్యూపా (గూటి దశ) నుంచి బయటికొచ్చిన ఆడ ఈగలను ఎనిమిది గంటల్లోపే వేరు చేయాలి, లేకపోతే అవి ముందే జతకట్టేసి, ఎంచుకున్న మగ ఈగలతో కలపాలనుకున్న క్రాస్ పాడవుతుంది. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తారు. సింక్రోట్రాన్ అనే భారీ ఎక్స్‌రే యంత్రం మీద పనిచేసేవాళ్లకు బీమ్‌టైమ్, అంటే దాన్ని వాడుకునే వంతు, దొరికేదే కొద్దిరోజులు. ఆ రోజుల్లో జట్టంతా షిఫ్టులు వేసుకుని ఇరవైనాలుగు గంటలూ నడిపిస్తారు. కంప్యూటర్ మీద డేటా విశ్లేషించేవాళ్లకు ఈ బెడద తక్కువ. కానీ ల్యాప్‌టాప్ ఇంటికొస్తుంది కాబట్టి వాళ్ల పనికి తలుపు మూసే వేళంటూ ఉండదు.

ఈ గంటలు ముందే తెలుస్తాయి, వాటికో ముగింపు ఉంటుంది. పక్క విద్యార్థితో వంతులు వేసుకోవచ్చు. సెలవుకు వెళ్లేముందు కణాలను ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుచుకోవచ్చు. మీ అమ్మాయికి ఆ పని మీద ఇష్టముంటే ఇవి ఆమెను నలగ్గొట్టవు.

నలగ్గొట్టేవి మనుషులు కల్పించే గంటలు. రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఎవరున్నారో చూసి మార్కులు వేసే గైడ్, ఆదివారం పంపిన మెసేజ్‌కు అప్పటికప్పుడు జవాబు రావాలనుకునే గైడ్, సెలవు అడిగితే నీకు సైన్స్ మీద ఆసక్తి లేదనే గైడ్. ఇది సైన్స్‌కు కూడా మేలు చేయదు. నిద్రలేని చేతులు ట్యూబుల మీద లేబుళ్లు తారుమారు చేస్తాయి, ఆ ఒక్క పొరపాటుతో వారం రోజుల పని చెత్తబుట్టలోకి పోతుంది. నా దగ్గరికి పీహెచ్‌డీ మధ్యలో మానేస్తామంటూ వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ప్రయోగాల వల్ల కాదు, ఇలాంటి గైడ్ వల్లే విసిగిపోయి ఉంటారు.

కాబట్టి టాపిక్ ఎంచుకునేటంత జాగ్రత్తగా గైడ్‌ను ఎంచుకోమనండి. సీటు ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో, గైడ్ పక్కన లేనప్పుడు మాట్లాడాలి. ‘ఇక్కడ బాగుంటుందా?’ అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. ‘చివరిసారి వారం సెలవు ఎప్పుడు తీసుకున్నారు? ప్రయోగం విఫలమైనప్పుడు సార్ ఏమన్నారు? గత కొన్నేళ్లలో ఎవరైనా మధ్యలో వెళ్లిపోయారా, ఎందుకు? థీసిస్ ఇవ్వడానికి మామూలుగా ఎన్నేళ్లు పడుతోంది?’ ఇలా అడగాలి. నోటి మాట కంటే ముందు వచ్చే తడబాటును గమనించమనండి. విద్యార్థులతో ఒంటరిగా మాట్లాడనివ్వని ల్యాబ్‌ను, అది ఎంత పేరున్నదైనా సరే, వదిలేయమంటాను.

ఇక పెళ్లీ పిల్లల సంగతి. ఇక్కడ మీరు భయపడాల్సింది పీహెచ్‌డీకి కాదు, ఆ తర్వాతి పోస్ట్‌డాక్ దశకు, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలకు. అవి చాలావరకు రెండు మూడేళ్ల కాంట్రాక్టు ఉద్యోగాలు. ఊరు మారాలి, తరచు దేశమే మారాలి. సరిగ్గా కుటుంబం ఏర్పడే వయసులోనే ఈ తిరుగుడంతా. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట పని దొరకడం నిజంగా కష్టం. ఈ ఇబ్బందిని సైన్స్ లోకం ఇప్పుడు కొంతవరకైనా ఒప్పుకుంటోంది. 1995లో నోబెల్ అందుకున్న జర్మన్ జీవశాస్త్రవేత్త క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, 2004లో తన పేరిట ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలు ఇంటిపనికీ పిల్లల సంరక్షణకూ మనుషులను పెట్టుకోవడానికి అది డబ్బిస్తుంది. సాయం ఎక్కడ అవసరమో ఆమె సరిగ్గా పట్టుకున్నారు. ఆ అమ్మాయిలకు తెలివి తక్కువై కాదు, చేతిలో గంటలు మిగలక వెనకబడుతున్నారు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కూడా యువ శాస్త్రవేత్తల గ్రాంట్ల అర్హత గడువును తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలలు పొడిగిస్తుంది. 2009లో అమెరికన్ జీవశాస్త్రవేత్త కరోల్ గ్రైడర్‌కు నోబెల్ కబురు ఫోన్‌లో వచ్చినప్పుడు ఆమె ఇంట్లో బట్టలు ఉతికే పనిలో ఉన్నారు. ఆమెకు ఇద్దరు పిల్లలు.

పోస్ట్‌డాక్ వద్దనుకుంటే పరిశ్రమల్లోని పరిశోధన విభాగాలున్నాయి. అక్కడ టాపిక్ ఎంచుకునే స్వేచ్ఛ తగ్గుతుంది, డెడ్‌లైన్లు పెరుగుతాయి. పని వేళలు మాత్రం సాధారణంగా స్థిరంగా ఉంటాయి. ఇది తక్కువరకం దారి అని ఎవరన్నా వినకండి.

పంపండి. ఇప్పటికి ఆమె చేత రెండు మూడు ల్యాబ్‌ల పేర్లు రాయించి, ఒక్కోదాంట్లో ఇద్దరు విద్యార్థులతోనైనా మాట్లాడించండి. చేరాక చివరి ఏడాది, థీసిస్ రాసే రోజుల్లో, ఇంటికి ఫోన్లు తగ్గుతాయి. అది మామూలే. కానీ మొదటి ఏడాదిలోనే నిద్ర పట్టడం లేదని, గైడ్ ఎదురుపడితే భయమేస్తోందని అంటే, ఓర్చుకోమ్మా అనకండి. ల్యాబ్ మారే వీలుందేమో అప్పుడే కనుక్కోమనండి.