ఆగి ఉన్న కారులో కూలెంట్ తగ్గుతోందా? హెడ్ దించే ముందు ఇవి చూడండి

హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, దించడానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసినదాని ప్రకారం కారు తిరుపతిలో మీ అమ్మానాన్నల ఇంటి షెడ్డులో ఏడెనిమిది నెలలుగా కదలకుండా ఉంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా అడుగంటింది, ముందు చక్రాల మధ్య నేల మీద ఆకుపచ్చ మరక కనిపించింది. మెకానిక్ వచ్చి డబ్బా నింపి, అరగంట ఇంజిన్ నడిపి, ఎక్కడా చుక్క కారలేదు కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ దాని కింది ఇంజిన్ భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉంటుందని, హెడ్ దించాలని అన్నాడు. సంక్రాంతికి మీరు వచ్చి అదే కారులో కొండకు వెళ్లాలనుకుంటున్నారు.

నడిచిన రోజుల్లో ఎప్పుడూ అతిగా వేడెక్కని బండికి, ఊరికే నిలబడినంత మాత్రాన హెడ్ గ్యాస్కెట్ పోవడం అరుదు. పైగా నేల మీద మరక ఉందంటే కూలెంట్ బయటికి వచ్చిందనేగా! బయటికి వచ్చినదాని దారి బయటే వెతకాలి. అరగంట నడిపినా కారలేదన్న మాట మీ మెకానిక్‌కు హెడ్ మీద అనుమానం తెప్పించింది, నాకు మాత్రం అది హోస్‌ల వైపు, అంటే కూలెంట్ తిరిగే రబ్బరు గొట్టాల వైపు చూపిస్తోంది.

మాది చిత్తూరు. మా అన్నయ్య గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆయన డీజిల్ కారు ఏడాదిలో ఎక్కువ కాలం మా రేకుల షెడ్డులోనే ఉంటుంది, దాని ఆలనాపాలనా నాదే. దానికీ సరిగ్గా ఇదే జరిగింది. రాత్రంతా నిలబెడితే తెల్లవారేసరికి కింద చుక్కలు, ఇంజిన్ వేడెక్కాక ఎంతసేపు కాచుకుని చూసినా నేల పొడిగానే ఉండేది. ఇద్దరు మెకానిక్‌లు వేడి మీద చూసి ఏమీ లేదన్నారు. చివరికి లారీల రేడియేటర్లు బాగుచేసే ఒక పెద్దాయన, "చల్లగా ఉన్నప్పుడు కారేదాన్ని వేడి చేసి వెతికితే ఎలా దొరుకుతుంది? బండిని కదిలించకండి, పొద్దున్నే నేనే వస్తాను" అన్నాడు.

అది ఎందుకలా జరుగుతుందంటే, హోస్ చివర రబ్బరు ఏళ్ల తరబడి క్లిప్పు కింద నలిగి గట్టిపడిపోతుంది, తిరిగి ఉబ్బే గుణం తగ్గిపోతుంది. ఇంజిన్ 90 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు లోపలి గొట్టం వ్యాకోచించి రబ్బరుకు బిగుసుకుంటుంది, సందు మూసుకుపోతుంది. చల్లబడ్డాక అన్నీ ముడుచుకుని వెంట్రుకవాసి సందు మళ్లీ తెరుచుకుంటుంది. రోజూ తిరిగే బండిలో ఈ కారడం ఎవరి దృష్టికీ రాదు. నెలల తరబడి నిలబడిన బండిలో మాత్రం చుక్కచుక్కగా డబ్బా ఖాళీ అయిపోతుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. చల్లగా ఆగి ఉన్న కారులో కూలెంట్‌ను బయటికి నెట్టే ఒత్తిడి ఉండదు, తన బరువుతో తానే కిందికి జారాలి. అందుకే అలా ఖాళీ అయ్యే కారులో మొదట అనుమానించవలసినవి కింది భాగాలు: రేడియేటర్ కింది హోస్, దాని రెండు చివర్లు, రేడియేటర్ అడుగున ఉండే కుళాయి బిరడా, వాటర్ పంపు, డబ్బా అడుగు, దాని సన్న గొట్టం. రేడియేటర్ పై ప్లాస్టిక్ భాగంలో పగులు ఉంటే అది సాధారణంగా ఒత్తిడి మీద, వేడిగా ఉన్నప్పుడే కారుతుంది. అది మీ కేసు కాదనిపిస్తోంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మెకానిక్ దగ్గరికి పంపే ముందు శుభ్రంగా ఉంటుందని వాటర్ వాష్ చేయించకండి. కారిన చోట నీరు ఆవిరై, కూలెంట్‌లోని రంగూ లవణాలూ పొరలాగా మిగులుతాయి. మనకు దారి చూపేది ఆ పొరే. మా అన్నయ్య కారులో కింది హోస్ క్లిప్పు అంచున అరచందమామ ఆకారంలో తెల్లగా, మధ్యలో లేత ఆకుపచ్చగా పేరుకుపోయి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది, దాని కింద మాత్రం జిగటగా తడి. నీళ్లు కొట్టి ఉంటే అది కాస్తా కొట్టుకుపోయేది. మీ నాన్నగారిని ఫోను టార్చ్ వేసి, కింది నుంచి వీడియో తీసి పంపమనండి. హోస్‌ల మీద ఎలుక పంటిగాట్లు ఉన్నాయేమో కూడా చూడమనండి. ఆగి ఉన్న బండి బోనెట్ కింద ఎలుకలు కాపురం పెట్టడం మన ఊళ్లలో మామూలే.

నేల మీది తడి ఏమిటో కూడా తేల్చుకోవాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి షెడ్డు నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద తెల్ల అట్ట పెట్టండి. కూలెంట్ వేలికి జారుడుగా తగులుతుంది, తియ్యని వాసన వేస్తుంది, మామూలు నీరులా త్వరగా ఆరదు. ఏసీ వేసి నడిపాక ముందు సీటు ప్రయాణికుడి వైపు, కారు అడుగు నుంచి నేల మీదికి కారే రంగులేని నీరు లీకు కాదు. ఒక జాగ్రత్త తప్పక పాటించండి: కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, ఆ తీపికి కుక్కలు నాకుతాయి, పిల్లులకూ అది ప్రమాదమే. మరకను బట్టతో తుడిచి, నీళ్లు పోసి కడిగించండి, ఆ బట్టను పారేయమనండి.

అసలు పరీక్ష ఇది. ప్రెషర్ టెస్టర్ అని సైకిల్ పంపులాంటి చిన్న పరికరం ఉంటుంది, మీటరుతో సహా. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌కు, రేడియేటర్ మూత తీసిన చోట దాన్ని బిగించి గాలి కొడతారు. ఎంత ఒత్తిడికి కొట్టాలో మూత మీదే ఉంటుంది: 0.9 లేదా 1.1 అంటే బార్‌లు, 13 లేదా 16 అంటే పీఎస్ఐ. అంతకు మించనివ్వకండి, మంచి హోస్ కూడా దెబ్బతింటుంది. కొట్టాక పదిహేను నిమిషాలు ముల్లు కదలకూడదు. మా షెడ్డులో ముల్లు కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా వాలడం మొదలుపెట్టింది. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేశాడు. క్లిప్పు స్క్రూ కింద ఆకుపచ్చ చుక్క ఒకటి ఊరి, లావెక్కి, జారిపోయింది, ఆ వెంటనే ఇంకొకటి. హోస్, రెండు క్లిప్పులు మార్చాక ముల్లు నిలిచింది. హెడ్ ముట్టుకోనవసరం రాలేదు.

హోస్‌లు పొడిగా ఉంటే వాటర్ పంపు చూడమనండి. పంపు ఒంటికి కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పాడైతే కూలెంట్ అక్కడి నుంచి వస్తుంది. చాలాకాలం తిరగని పంపు సీలు మొదటి స్టార్టుకు నాలుగు చుక్కలు వదిలి మళ్లీ సర్దుకోవడం ఉంది, ఆగకుండా కారితే మార్చవలసిందే. మీ ఇంజిన్‌లో పంపును టైమింగ్ బెల్టే (ఇంజిన్ వాల్వులను నడిపే బెల్టు) తిప్పుతుంటే, కూలెంట్‌తో తడిసిన బెల్టును కూడా పంపుతోపాటే మార్పించండి. ముల్లు పడిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే డాష్‌బోర్డు కింద కార్పెట్ తడిమి చూడండి. అక్కడ జిగట ఉన్నా, అద్దాలకు లోపలి నుంచి జిడ్డు మంచు పట్టినా హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చటి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్లు.

బయట లేదు, లోపల లేదు, ముల్లు మాత్రం పడుతోంది అన్నప్పుడే హెడ్ మాట రావాలి. అప్పుడైనా ఇంజిన్ వెంటనే స్టార్ట్ చేయనివ్వకండి. సిలిండర్‌లోకి కూలెంట్ చేరి ఉంటే అది నొక్కుకుపోదు, పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ఆయిల్ పుల్ల తీసి పాల మీగడ రంగు ఉందేమో చూడాలి, ప్లగ్గులు విప్పి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలి. పొగ వాయువు కూలెంట్‌లోకి వస్తోందో లేదో నీలి ద్రావణంతో పరీక్షించే పద్ధతి కూడా ఉంది, వాయువు ఉంటే నీలం పసుపుగా (డీజిల్ ఇంజిన్‌లో ఆకుపచ్చగా) మారుతుంది. ఇవన్నీ హెడ్ దించకుండానే చేయగలిగినవి.

ఎవరైనా రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగిపోతుందంటే వినకండి. దారిలో బండి నిలిచిపోతే ఇల్లు చేరడానికి అది వాడారేమో గానీ, సన్న గొట్టాల్లో గడ్డకట్టి హీటర్ కోర్‌ను, రేడియేటర్‌ను పూడ్చేస్తుంది. సీసాల్లో అమ్మే లీకు మందుల సంగతీ అంతే. బోరునీళ్లు కూడా పోయనివ్వకండి. మన నీళ్లలో సున్నం ఎక్కువ, వేడికి లోపల పొర కడుతుంది. గాఢ కూలెంట్ అయితే సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ఒత్తిడిలో నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు, మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

కొండ ప్రయాణం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. అలిపిరి దాటాక రెండో ఘాట్ రోడ్డు మీద సుమారు 18 కిలోమీటర్లు ఎక్కుడే. వేగం తక్కువ, ఇంజిన్ మీద భారం ఎక్కువ, రేడియేటర్‌కు గాలి అంతంతమాత్రం. టెస్టర్ ముల్లు నిలబడి, ఆ తర్వాత ఊళ్లో కొన్ని రోజులు తిప్పి, రోజూ పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద డబ్బాలో మట్టం తగ్గలేదని చూసుకున్నాకే అమ్మానాన్నలను ఎక్కించుకుని బయలుదేరండి. అప్పటికి తేలకపోతే కొండకు బస్సులో వెళ్లండి.

మీ కారులో మూత రేడియేటర్ మీద ఉందా, డబ్బా మీదే ఉందా? టెస్టర్‌కు తగిన మూత బిగింపు ఏది కావాలో దాన్నిబట్టే ఉంటుంది. కింది హోస్ ఫోటో ఒకటి, మరక చక్రాల మధ్య కుడివైపా ఎడమవైపా అన్నది రాయండి, పంపు ఏ వైపు ఉందో పోల్చి చూద్దాం.