టాబ్లెట్‌కి మాత్రమే వైఫై రావట్లేదా? ముందు మా నాన్న డైరీ సంగతి వినండి

"ఇంట్లో అందరి ఫోన్లకీ వైఫై వస్తోంది, టాబ్లెట్‌కి ఒక్కదానికే రావట్లేదు, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమంటారా?" అని అడిగారు. వద్దు. కొడితే పోయేవి ఫొటోలే గానీ జబ్బు కాదు. పదింట తొమ్మిదిసార్లు తప్పు ఇంటికి వైఫై ఇచ్చే బాక్సుదే (రౌటర్‌దే), టాబ్లెట్‌ది కాదు. ఈ లెక్క ఎక్కడిదని అడక్కండి. కాకినాడలో మా ఇంట్లో ఎనిమిది నెలలు పడ్డ అవస్థే నా సాక్ష్యం.

మా అక్కా బావా డాలస్ నుంచి వస్తూ నాన్నకి టాబ్లెట్ తెచ్చారు. సిమ్ లేనిది, వైఫై ఉంటేనే నడుస్తుంది. పొద్దున్నే ప్రవచనం, మధ్యాహ్నం పేపరు, రాత్రి మనవరాలితో వీడియో కాల్. ఏడాదిపాటు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత నెట్ వాళ్లు పాత బాక్సు తీసేసి కొత్తది బిగించారు. అక్కణ్ణుంచి మొదలు. ఒకరోజు వస్తుంది, నాలుగు రోజులు రాదు. రాని రోజున పాస్‌వర్డ్ తప్పని కూడా అనదు, అసలు మా ఇంటి వైఫై పేరే జాబితాలో ఉండదు. పక్కింటి వాళ్లది కనిపిస్తుంది, ఎదురింటి మేడ మీద వాటా వాళ్లది కూడా కనిపిస్తుంది. బాక్సుకి మూడడుగుల దూరంలో పడక్కుర్చీలో కూర్చున్న ఆయనకి మాత్రం సొంతింటి వైఫై కనపడదు.

నెట్ అబ్బాయిని పిలిస్తే వచ్చి, తన ఫోన్లో స్పీడ్ చూపించి, "బాగానే వస్తోంది కదండీ, టాబ్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని బండెక్కాడు. వీళ్ల తీరే అంత. బాక్సు తీసుకెళ్లి టీవీ వెనకాల, గోడకీ ఇనప బీరువాకీ మధ్య ఇరికిస్తారు. వెనక గదికి రావట్లేదంటే ఇంకో బాక్సు అమ్ముతామంటారు. బిల్లు మెసేజ్ మాత్రం ఏ గోడా అడ్డం లేకుండా ఒకటో తారీఖున వచ్చేస్తుంది.

నేనేమైనా తక్కువ తిన్నానా? నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ హైదరాబాద్‌లో కూర్చుని ఒకటే మాట: "నువ్వేదో నొక్కుంటావు నాన్నా." అక్కదీ అదే పాట. ఆయన "కరెంటు పోయొస్తే పనిచేస్తోందిరా" అంటే నవ్వుకున్నాం. రోజూ పొద్దున్నే బాక్సు స్విచ్చి ఆపడం, వెయ్యడం, ఆపడం, వెయ్యడం. ఒక్కోరోజు ఏడెనిమిదిసార్లు. "ప్రవచనం మాట అటుంచండి, ముందా స్విచ్చి ఊడొస్తుంది" అని అమ్మ గోల.

సంక్రాంతికి వెళ్లినప్పుడు, భోగి రాత్రి నా తెలివంతా చూపించడానికి కూర్చున్నా. ముందు నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశా. టాబ్లెట్ ఠక్కున ఎక్కేసింది. అంటే టాబ్లెట్ దివ్యంగా ఉంది. మీరూ మొదట చెయ్యాల్సింది ఇదే, అర నిమిషం పని. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక తల గోక్కుంటుంటే నాన్న లోపలికెళ్లి డైరీ తెచ్చి నా ఒళ్లో పడేశారు.

మా నాన్న సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు షిఫ్ట్‌కి షిఫ్ట్ లాగ్ బుక్ రాసిన మనిషి. అదే చేతిరాత, అవే గళ్లు. "మంగళ: రాలేదు. బుధ: 4.10కి కరెంటు పోయింది, 4.50కి వచ్చింది, వైఫై వచ్చింది. శుక్ర: స్విచ్చి మూడోసారికి వచ్చింది." ఎనిమిది నెలలది. టాబ్లెట్‌ని ఏం చేసినా మారిన రోజు ఒక్కటీ లేదు. మారిందల్లా బాక్సు ఆగి మళ్లీ లేచినప్పుడే. లేచినప్పుడు బాక్సులో మారేదేమిటి? ఛానెల్! అంటే రేడియో స్టేషన్ నంబర్ లాగా, బాక్సు ఏ నంబర్ మీద సిగ్నల్ పంపుతోందో అది. నా ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూశా. మా బాక్సు 13లో కూర్చుని ఉంది.

వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నాయి. అమెరికాలో మామూలుగా 11తో ఆపేస్తారు. అక్కడి మార్కెట్‌కి తయారైన టాబ్లెట్లలో చాలావాటికి 12, 13 ఉన్నట్టే తెలీదు. బాక్సు 'ఆటో'లో ఉంటే లేచినప్పుడల్లా రద్దీ తక్కువున్న ఛానెల్ చూసుకుని ఎక్కుతుంది. మాది 13 ఎక్కిన రోజు నాన్నకి ఉపవాసం. అదే బాక్సు 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో బ్యాండ్‌లో వేరే పేరుతో కూడా వైఫై ఇస్తుంది గానీ, ఆ టాబ్లెట్‌కి అది మొదట్నుంచీ అందదు.

ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లా. లాగిన్ వివరాలు బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఆ చీమ తలకాయంత అక్షరాల్లో సున్నా ఏదో, ఓ ఏదో ఆ బ్రహ్మకే తెలియాలి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివా. వైర్‌లెస్, 2.4, ఛానెల్ ఆటో తీసేసి 6 పెట్టి సేవ్ కొట్టా. నిమిషంలో మా ఇంటి వైఫై పేరు జాబితాలోకొచ్చింది. నాన్న ఏమీ అనలేదు. డైరీ తీసుకుని టైం రాసుకున్నారు.

మీ టాబ్లెట్ ఇక్కడ కొన్నదే అయితే, పేరు కనిపిస్తూనే సరైన పాస్‌వర్డ్‌కీ ఒప్పుకోకపోతే, బాక్సులో సెక్యూరిటీ ఒక్క డబ్ల్యూపీఏ3 (వైఫైకి వేసే తాళంలో కొత్త రకం) మీదే ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్‌కి అది 2019లో పదో వెర్షన్‌తో వచ్చింది, అంతకన్నా పాతవాటికి డబ్ల్యూపీఏ2 కూడా ఆన్ చెయ్యాలి. కనెక్ట్ అయి కూడా ఏ సైటూ తెరుచుకోకపోతే తారీఖు చూడండి. చార్జింగ్ పూర్తిగా అయిపోయి మూల పడున్న టాబ్లెట్ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోవచ్చు. తారీఖు తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు (ఇది అసలు సైటేనని చెప్పే గుర్తింపు పత్రాలు) చెల్లనివనుకుని ఏదీ తెరవదు.

ఒకవేళ ఆ టాబ్లెట్ వాడేది మీ ఇంట్లో పెద్దవాళ్లైతే, "నువ్వేదో నొక్కుంటావు" అనే ముందు ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అని అడగండి. మా అక్కకి ఈ సంగతంతా చెబితే ఇప్పటికీ "అయినా నాన్న ఏదో నొక్కే ఉంటారు" అంటుంది.

మొన్న నెలలో నెట్ అబ్బాయి ఏదో పని మీద వచ్చి బాక్సు రీసెట్ కొట్టాడట. మళ్లీ ఆటో. "ఆటోనే మంచిది అంకుల్" అన్నాడట. నాన్న వీధి తలుపు గడియ పెట్టి, అమ్మ చేత అతనికి రెండోసారి కాఫీ ఇప్పించారు. డైరీలో ఉంది: "11.20 ఆటో. 11.45 ఆరు."