కొలీగ్ పాపకు కలకాలం దాచుకునే కానుక

టీమ్ అంతా కలిసి డబ్బులు వేసుకున్నాం, కొలీగ్‌కి పుట్టిన పాపకు దాచుకునే వస్తువు ఇవ్వాలి, పేరేమో ఇంకా పెట్టలేదు, ఏం కొనాలో తోచట్లేదు అన్నారు కదా. టెన్షన్ పడకండి. నన్నడిగితే చేతి, పాదాల ముద్రలు తీసే కిట్, దాంతోపాటు ఆ ముద్ర పెట్టుకునే చెక్క ఫ్రేమ్ ఇవ్వండి. పేరుతో పనిలేదు, పైగా ఆ చిట్టి పాదం సైజు మళ్లీ రాదు.

సిరా పసిపిల్లల చర్మానికి హాని చేయనిదని పెట్టె మీద ఉందో లేదో చూసి కొనండి. చర్మానికి సిరా అంటకుండానే ముద్ర పడే ప్యాడ్‌లు కూడా దొరుకుతాయి, అవైతే ఇంకా నయం. పసివాళ్లు గుప్పిట బిగించే ఉంటారు కాబట్టి చేతి ముద్ర ఓ పట్టాన రాదు. పాప మంచి నిద్రలో ఉన్నప్పుడు ముందు పాదంతో మొదలుపెట్టమని చీటీ రాసి పెట్టండి. మడమ ఆనించి వేళ్లవైపు మెల్లగా నొక్కుతూ పోతే అయిదు వేళ్లూ చక్కగా పడతాయి.

వెండిదే కావాలని టీమ్‌లో ఎవరైనా పట్టుబడితే, పేరు పెట్టేదాకా ఆగండి. స్పెల్లింగ్ తల్లిదండ్రులనే అడిగి చెక్కించండి. వెండి గాలికి నల్లబడుతుంది, గట్టిగా మూసుకునే కవర్‌లో పెట్టి ఇవ్వాలి.

ఏది కొన్నా సరే, ఒక మందపాటి కార్డు మీద ప్రతి ఒక్కరూ పాపకు రెండు వాక్యాలు సొంత చేతిరాతతో రాయండి. నా లెక్కలో అసలు కానుక అదే. కింద తేదీ వేయడం మరవకండి.