కుక్క నొక్కే ఎమర్జెన్సీ బటన్: ట్యాబ్ వద్దు, నీలం బటన్ పెట్టండి

అన్నా, మీ ఇల్లు తిరుపతిలో, నాయనకి షుగర్ ఉన్నట్టుండి డౌన్ అవుతుంది, ఇంట్లో ల్యాబ్రడార్ ఉంది, పాత ట్యాబ్ గోడకి బిగించి దాని మీద కుక్క ముక్కు పెడితే మీకు ఫోన్ వచ్చేలా చేయొచ్చా అని అడిగారు.

చేయొచ్చు గానీ ట్యాబ్‌తో కాదు. తడి ముక్కుకి టచ్ పనిచేస్తుంది, నిజమే. కానీ కుక్క ముక్కు ఆనించి పైకి రుద్దుతుంది, ట్యాబ్ దాన్ని స్వైప్ అనుకుంటుంది. చొంగ మిగిలితే ఎవరూ తాకకుండానే టచ్ పడుతుంది. గోరు తగిలితే అసలు పడదు. అంత దగ్గరికొచ్చాక తెర మీది బొమ్మ దానికి మసకే.

100 మి.మీ. గుండ్రటి ఆర్కేడ్ బటన్ (గేమ్ మెషీన్లకి ఉండే పెద్ద బటన్) కొనండి, నీలం రంగుది. ఎమర్జెన్సీ అనగానే అందరూ ఎరుపు తెస్తారు; కుక్క కంటికి అది మట్టిరంగు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి, కానీ క్రీమ్ గోడ మీద పసుపు కలిసిపోతుంది. స్ప్రింగ్ గట్టిగా ఉంటే మెత్తటిది వేయండి. కుక్క నిలబడ్డప్పుడు ముక్కు ఎత్తు కొలిచి, దానికి కాస్త కిందగా ప్లైవుడ్ పలక మీద స్క్రూలతో బిగించండి. డబుల్ టేప్ మన ఎండలకి ఊడొస్తుంది. కపిలతీర్థం వైపైతే వరండాలో అస్సలు వద్దు, కోతులు నొక్కేస్తాయి.

లోపల ఈఎస్‌పీ32 (బటన్ నొక్కింది గమనించే చిన్న కంట్రోలర్ బోర్డు), జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ వేసి కాల్ చేసే బోర్డు). వైఫై ఒక్కదాన్నే నమ్ముకుంటే కరెంటు పోగానే రౌటర్ ఆగిపోతుంది. మాడ్యూళ్లలో సిమ్800ఎల్ అనేది చవకే, కానీ అది 2జీ, జియో సిమ్ పనిచేయదు. 4జీ మాడ్యూల్ మేలు. సిమ్800ఎల్‌తోనే చేస్తే 18650 లిథియం బ్యాటరీ నుంచి నేరుగా పవర్ ఇచ్చి, పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. కాల్ కలిసేటప్పుడు అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైర్లైతే వోల్టేజ్ పడిపోయి సరిగ్గా అప్పుడే రీసెట్ అవుతుంది. బటన్ వైర్ మీటరు దాటితే 10కె పుల్అప్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి, లేకపోతే ఫ్యాన్ స్విచ్ వేసినా బటన్ నొక్కినట్టే అనుకుని మీకు కాల్ వచ్చేస్తుంది.

50 మిల్లీసెకన్లు నొక్కితే చాలు, లెక్కలోకి తీసుకోండి. తర్వాత 20 సెకన్లు బజర్, ఆపైన మీకు కాల్. ఎస్ఎంఎస్ ఒక్కటే అయితే ఆలస్యమవచ్చు. 108కి నేరుగా పెట్టొద్దు, ఆటలో నొక్కినా అంబులెన్స్ బయల్దేరుతుంది. కుక్క ఒకసారి నొక్కి ఊరుకోదు. మళ్లీ నొక్కినవి కాల్‌కి లెక్కపెట్టకండి, క్లిక్ శబ్దం మాత్రం ప్రతిసారీ రావాలి. రాకపోతే కొరకడం మొదలెడుతుంది.

బజర్ మోగుతుండగా కాల్ ఆపడానికి క్యాన్సిల్ బటన్ ఒకటి కుక్కకి అందని ఎత్తులో పెట్టండి. ఇక్కడో చిక్కుంది: షుగర్ పడిపోయినవాళ్లకి తికమక ఉంటుంది, నాకేం కాలేదని వాళ్లే నొక్కేస్తారు. అందుకే క్యాన్సిల్ చేసినా మీకు మెసేజ్ రావాలి.

ట్రైనింగ్‌లో మొదట బటన్‌కి వైర్లు కలపొద్దు. అరచేతిలో నీలం మూత పట్టుకుని ముక్కుతో తాకిస్తూ, తర్వాత ఆ మూతని బటన్ మీద అంటించండి. క్లిక్ వినబడ్డ క్షణమే తిండి ముక్క. మాటకి నొక్కడం వచ్చాక, ఎవరైనా నేల మీద పడుకుని మాట్లాడకుండా ఉన్నప్పుడు కూడా నొక్కేలా అలవాటు చేయాలి. స్పృహ తప్పినవాళ్లు ఆజ్ఞ ఇవ్వలేరు కదా.