డాక్టర్ సలహా: పంచదార మానేస్తే క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. మా అమ్మకు 61వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు బాగానే ఉంది. అప్పటి నుంచి నాకూ వస్తుందేమోనని టెన్షన్. క్యాన్సర్ కణాలు పంచదార తిని పెరుగుతాయని వీడియోల్లో చూసి నాలుగు నెలలుగా తీపి పూర్తిగా మానేశాను. యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడుతున్నాను. అయినా బరువు రెండు కిలోలు కూడా తగ్గలేదు. సాసేజ్‌లు సిగరెట్‌తో సమానమని చదివి కొనడం ఆపేశాను, దాంతో పిల్లలతో రోజూ గొడవే. మావారికి వారాంతాల్లో మందు అలవాటు ఉంది. క్యాన్సర్ రాకూడదంటే ఇంకా ఏమేం మానేయాలి? నాకు బీపీ, షుగర్ లేవు. ఆరు నెలలుగా నెలసరి మాత్రం సరిగా రావడం లేదు. వస్తే పది రోజులు, అదీ ఎక్కువగా అవుతోంది. మెనోపాజ్ దగ్గర పడింది కదా అని పట్టించుకోలేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన ప్రశ్నల కన్నా, అడక్కుండా చివర్లో చెప్పేసి వదిలేసిన విషయమే నాకు ముఖ్యంగా అనిపించింది. ఆరు నెలలుగా క్రమం తప్పిన నెలసరి, పది రోజుల రక్తస్రావం. పంచదార సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ వయసులో ఇలా అవడానికి చాలాసార్లు కారణం ఫైబ్రాయిడ్లో (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు), థైరాయిడ్ తేడాయో, అండం సరిగా విడుదల కాకపోవడమో అయి ఉంటుంది. పరీక్ష చేయించుకున్న వారిలో ఎక్కువ మందికి క్యాన్సర్ ఉండదు. కానీ 45 దాటాక ఇలాంటి రక్తస్రావం ఉంటే గర్భసంచి లోపలి పొరను పరీక్షించాలన్నది మేం పాటించే పద్ధతి. మీ బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ అవసరం ఇంకా పెరుగుతుంది.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క, 33.6. అది ఊబకాయం కిందికే వస్తుంది. చాలామంది కొవ్వును ఒంట్లో దాచిపెట్టిన సరుకులా చూస్తారు, అది ఊరికే పడి ఉంటుందనుకుంటారు. నిజానికి అది హార్మోన్లు తయారుచేసే కణజాలం. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఒంట్లోని మరో రకం హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మామూలుగా ప్రతి నెలా ఈస్ట్రోజెన్ గర్భసంచి పొరను పెంచుతుంది, అండం విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలను అదుపు చేస్తుంది. ఆ తర్వాత పొర ఊడి నెలసరిగా బయటికి వస్తుంది. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టిరాన్ ఉండదు. కొవ్వు నుంచి ఈస్ట్రోజెన్ మాత్రం వస్తూనే ఉంటుంది. పెంచేది ఉండి ఆపేది లేకపోతే పొర మందమవుతూ పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి అలా సాగి క్యాన్సర్ వైపు మళ్లుతుంది.

ఊబకాయంతో అన్నిటికన్నా గట్టి సంబంధం ఉన్నది ఈ గర్భసంచి పొర క్యాన్సర్‌కే. బీఎంఐ 40 దాటిన మహిళల్లో ఈ ముప్పు మామూలు బరువు ఉన్నవారి కన్నా దాదాపు 7 రెట్లు. మీరు ఆ స్థాయిలో లేరు, కానీ దారి అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ చూసి, అధిక కొవ్వు 13 రకాల క్యాన్సర్ల ముప్పును పెంచుతుందని తేల్చింది. గర్భసంచి, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, కిడ్నీ, అండాశయం, థైరాయిడ్, అన్నవాహికలో ఒక రకం, జీర్ణాశయం పైభాగం, మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా, మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్, ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్. ఈ చివరిదాంట్లో ఒక మెలిక ఉంది. ముట్లు ఆగకముందు లావు వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించదు. ఆగాక అండాశయాలు పని తగ్గిస్తాయి, ఈస్ట్రోజెన్‌కు కొవ్వే ప్రధాన వనరు అవుతుంది, అప్పుడు పెరుగుతుంది. మీరు సరిగ్గా ఆ గడప దగ్గర ఉన్నారు. బరువు సంగతి చూసుకోవడానికి ఇది మంచి సమయం.

ఇక పంచదార. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది. క్యాన్సర్ కణాలు కాస్త ఎక్కువగా లాక్కుంటాయన్నది నిజమే. ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలోనే ఈ తేడాను గమనించారు. గ్లూకోజ్ లాంటి పదార్థం ఒంట్లోకి ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లో క్యాన్సర్ గడ్డలు వెలిగిపోతూ కనిపించేది కూడా అందుకే. వీడియోలు ఇక్కడి నుంచి ఒక్క దూకు దూకి, తీపి మానేస్తే గడ్డ ఎండిపోతుందంటాయి. మీరు చెంచా పంచదార కూడా ముట్టకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. అది ఆగిపోతే ముందు స్పృహ తప్పేది మీరే. తీపి చేసే చెడు వేరే దారిన వస్తుంది. తీపి పానీయాలు, చిరుతిళ్లు ఎక్కువైతే బరువు పెరుగుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ రెండూ కణాలను పెరగమని పురిగొల్పుతాయి. కాబట్టి తగ్గించడం మంచిదే. ఎప్పుడైనా పండగకో పుట్టినరోజుకో ఒక ముక్క తింటే మాత్రం తప్పు చేసినట్టు బాధపడకండి.

తీపి మానినా బరువు ఎందుకు తగ్గలేదంటారా? ఓపీలో ఇది నాకు రోజూ వినిపించే ప్రశ్నే. తీపి మానేసిన చోట మరేదో వచ్చి కూర్చుంటుంది. మొన్న ఒకావిడ ఇలాగే అడిగితే వారం రోజులు నోట్లో పెట్టుకున్నదల్లా రాయమన్నాను. పుస్తకం తెచ్చారు. భోజనాల దగ్గర తప్పు పట్టడానికి ఏమీ లేదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు మధ్య మాత్రం గుప్పెడు అది, గుప్పెడు ఇది అంటూ మరో భోజనమంత తిండి ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆవిడే నవ్వేశారు. మీరూ ఒక వారం రాసి చూడండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

గమ్యం కూడా పెద్దది పెట్టుకోకండి. మీరు 60 కిలోలకు రావాలని నేను చెప్పను. ఉన్న బరువులో 5 శాతం, అంటే 4 కిలోల పైచిలుకు తగ్గితే చాలు, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడటం, కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గడం మొదలవుతాయి. ముట్లుడిగిన మహిళల మీద జరిగిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, కావాలని 5 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గినవారిలో గర్భసంచి క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఆరు నెలల్లో అంత తగ్గించి, అక్కడ నిలబెట్టుకోండి. నిలబెట్టుకోవడమే కష్టం.

పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండేలా చూసుకోండి. మిగతా సగంలో పొట్టు తీయని ధాన్యం, పప్పుధాన్యాలు ఉండాలి. రోజుకు 30 గ్రాముల పీచు అందితే మంచిది. మనం అరిగించుకోలేని ఆ పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి, పేగు గోడకు మేలు చేసే కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. మలం త్వరగా కదిలి, హాని చేసే పదార్థాలు పేగుకు తగిలి ఉండే సమయం కూడా తగ్గుతుంది. పీచు మాత్రల కన్నా తిండిలో ఉన్న పీచే నయం.

మాత్రలంటే గుర్తొచ్చింది. ఆ యాంటీఆక్సిడెంట్లు ఆపేయండి. కూరగాయలు ఎక్కువ తినేవారికి క్యాన్సర్ తక్కువని చూసి, వాటిలోని బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే సరిపోతుందని ఒకప్పుడు మా డాక్టర్లే నమ్మారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారి మీద పరీక్షించారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. ఆ తర్వాత విటమిన్ ఇ మీద జరిగిన మరో పరీక్షలో ప్రొస్టేట్ క్యాన్సర్ పెరిగింది. రక్తపరీక్షలో లోపం తేలితే విటమిన్ వేసుకోవాలి. క్యాన్సర్‌కు అడ్డుకట్ట అనుకుని వేసుకోకూడదు.

సాసేజ్‌ల గొడవకు కొంత కారణం మాటల గజిబిజి. నిల్వ కోసం ఉప్పు, నైట్రైట్ పట్టించిన మాంసాన్ని 2015లో, నేను పైన చెప్పిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థే, పొగాకు ఉన్న గ్రూపులో చేర్చింది, నిజమే. ఆ గ్రూపు చెప్పేది క్యాన్సర్ కలిగిస్తుందన్న రుజువు ఎంత గట్టిదో మాత్రమే. ముప్పు ఎంత పెద్దదో అది చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా. ఆ 18 శాతాన్ని కూడా సరిగా అర్థం చేసుకోవాలి. నూరు మందిలో ఐదుగురికి వచ్చేది సుమారు ఆరుగురికి వస్తుందన్నమాట. సిగరెట్‌తో దానికి పోలికే లేదు. రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి అని పిల్లలతో రాజీపడండి.

మీవారి మందు విషయంలో మాత్రం నేను రాజీపడను. మద్యం ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు క్యాన్సర్లకు అది కారణం, ఆడవారిలో రొమ్ము క్యాన్సర్‌కు కూడా. వైన్ అయినా బీరైనా తేడా లేదు, అన్నిట్లో ఉన్నది ఒకే ఆల్కహాల్. ఇంత వరకు తాగితే ముప్పేమీ లేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పొగ అలవాటు కూడా ఉంటే రెండూ కలిసి నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పును ఎన్నో రెట్లు చేస్తాయి. మీరు తీపి మానేసినంత పట్టుదలతో ఆయన మందు మానేస్తే మీ ఇంటికి ఎక్కువ లాభం.

నడక గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. అంటే లేదనే అనుకుంటున్నాను. వారానికి 150 నుంచి 300 నిమిషాలు, నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంతో నడవండి. ఒకేసారి కుదరకపోతే పది పది నిమిషాలుగా విడగొట్టుకోండి. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ తగ్గుతుంది. పెద్దపేగు, రొమ్ము, గర్భసంచి క్యాన్సర్లకు అదొక అడ్డు.

మీ అమ్మగారి విషయం. 61 ఏళ్లకు, ముట్లుడిగాక, ఇంట్లో ఒక్కరికే వచ్చింది కాబట్టి అది వంశపారంపర్యం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. వంద రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 మాత్రమే అలా జన్యువుల్లో దిగివస్తాయి. అయినా తల్లికి వచ్చినప్పుడు కూతురి ముప్పు మిగతావారికన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది. ఇంతవరకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోకపోతే ఇప్పుడు చేయించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష కూడా. అన్నట్టు, ఆవిడ ఏం తిన్నందుకు వచ్చిందని ఇంట్లో ఎవరూ ఆవిడ ముందు లెక్కలు తీయకండి. అన్నీ జాగ్రత్తగా పాటించిన సన్నటివారికీ క్యాన్సర్ వస్తుంది. కణం విడిపోయేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ఎవరి చేతిలోనూ ఉండవు.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేముందు ఆరు నెలల నెలసరి తేదీలు గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకోండి. ఏ రోజు ఎన్ని ప్యాడ్లు, రక్తం గడ్డలు పడ్డాయా, మధ్యలో మరకలు కనిపించాయా అన్నవి కూడా. మీరు వాడుతున్న మాత్రల డబ్బాలన్నీ పట్టుకెళ్లండి, వాటిలో హార్మోన్ లాంటి పదార్థాలు ఉన్నాయేమో వాళ్లు చూడాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్ రాస్తారు. నెలసరి ఇంకా వస్తున్నవారిలో స్కానింగ్‌లో పొర మందం ఒక్కటే చూసి ఏమీ లేదని తేల్చలేం, కాబట్టి బయాప్సీ అవసరమా అని మీరే అడగండి. చాలావరకు మత్తు అక్కర్లేదు. సన్నటి గొట్టంతో కాస్త పొర తీస్తారు, కొన్ని నిమిషాల పని, నెలసరి నొప్పిలాంటి నొప్పి ఉంటుంది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. పొర మందమైందని మాత్రమే తేలి, కణాల్లో చెడు మార్పులు లేకపోతే, చాలామందికి ప్రొజెస్టిరాన్ చికిత్సతోనే తగ్గుతుంది. రిపోర్టు వచ్చాక కావాలంటే నాకు మళ్లీ రాయండి.