కెన్యాలో డిగ్రీలున్నవారు ఎందరో ఉన్నా, పని తెలిసిన టెక్నీషియన్ల కొరత ఎందుకు? పరిష్కారం ఏమిటి?

ఒక్క కారణమే చెప్పమంటే నేను పాలిటెక్నిక్‌ల కథ చెబుతాను. నైరోబీలోని కెన్యా పాలిటెక్నిక్, మొంబాసా పాలిటెక్నిక్ 2007లో విశ్వవిద్యాలయ కళాశాలలయ్యాయి. 2013లో పూర్తి స్థాయి విశ్వవిద్యాలయాలుగా మారాయి. బోర్డు మారింది, హోదా పెరిగింది. కానీ మోటారు విప్పి బిగించగల డిప్లొమా కుర్రాళ్లను తయారుచేసిన చోట్లే డిగ్రీల బాట పట్టాయి. ఇంట్లో పెద్దలకూ డిగ్రీయే గౌరవం. ఈ జబ్బు మనకూ కొత్తదేమీ కాదు.

అలాగని పనివాళ్లు లేరా? నైరోబీలోని కముకుంజీకి వెళ్తే సుత్తుల మోతకు చెవులు గింగురుమంటాయి. రేకును సాగగొట్టి ట్రంకు పెట్టెలు, బొగ్గు పొయ్యిలు చేస్తుంటారు. ఇలాంటివారిని ‘జువా కాలి’ అంటారు. స్వాహిలిలో మండుటెండ అని అర్థం. నీడ లేని చోట పని నేర్చినవారన్నమాట. చేతిలో పనితనం ఉంది, కాగితం లేదు. కాగితం లేనిదే పెద్ద కాంట్రాక్టరు గేటు దాటనివ్వడు.

2013లో సాంకేతిక, వృత్తి విద్యా శిక్షణ చట్టం వచ్చాక ప్రభుత్వం నియోజకవర్గాల్లో శిక్షణ కళాశాలలు కట్టడం మొదలుపెట్టింది. పని చేయించి చూసి, పాత అనుభవానికే సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతీ వచ్చింది. నా దృష్టిలో రెండోదే చవక, త్వరగా ఫలించేది కూడా. కొత్త కళాశాలల్లో భవనాల కన్నా ముందు చూడవలసింది బోధకులను. లేత్ మీద చెయ్యి పెట్టని మనిషి పాఠం చెబితే పిల్లలు లేత్ బొమ్మ గీయడం మాత్రమే నేర్చుకుంటారు. వారానికి రెండు రోజులు కముకుంజీ మేస్త్రీనే జీతమిచ్చి పిలిపించవచ్చు.